గ్లాసులో పులుపు, కంచంలో చేప

నాంత్‌లో చేపల వంటలు ఎక్కువగా వండే ఒక చిన్న రెస్టారెంట్లో వైన్ వడ్డించడం నా పని. ఫ్రాన్స్ పడమటి అంచున, ల్వార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలవబోయే ముందు దాటే పెద్ద ఊరు ఇది. నేను పుట్టి పెరిగింది కాకినాడలో. ఏ బల్ల దగ్గరైనా తెలుగు మాట వినబడితే కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. ఇక్కడ చదువుకునే పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు, ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు, కొత్తగా పెళ్ళయిన జంటలు కనబడుతుంటారు. వైన్ దగ్గరకొచ్చేసరికి దాదాపు అందరిదీ ఒకే మాట: "తియ్యగా ఉండేది ఏదైనా ఉందామ్మా?"

అలా అడిగినవాళ్ళకు నేను ముందు రెండు గుటకల మ్యుస్కడే పోసి రుచి చూడమంటాను. ఈ ఊరి చుట్టుపక్కల పండే ద్రాక్షతో చేసే తెల్ల వైన్ అది. అందులో తీపి జాడే ఉండదు. ఒకసారి రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒక గుటక వేసి, కళ్ళు చికిలించి, "ఏమ్మా, ఇది పుల్లగా లేదూ?" అన్నారు. "పుల్లగానే ఉంటుంది బాబాయిగారూ, దీని ప్రాణమే పులుపు. కంచంలో ఉన్న ఆ ఆయిస్టర్ తిని మళ్ళీ ఒక గుటక వేయండి" అన్నాను. వేశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సీసా మీది పేరు రాసిపెట్టమని కొడుక్కి చెప్పారు.

వైన్ గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది పూల వాసనలు, పళ్ళ వాసనలు అంటూ పెద్ద జాబితా ముందుపెట్టి కొత్తవాళ్ళను బెదరగొడతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చక్కెర లేని తాజా తెల్ల వైన్‌ను రుచి చూడాలన్నా, దానికి తగిన వంట ఎంచుకోవాలన్నా ముందు పులుపును పట్టుకోవాలి. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ, గోంగూర, చుక్కకూర, పెరుగు... ఇన్ని పులుపుల మధ్య పెరిగిన తెలుగు నాలుకకు ఆ చదువు సగం వచ్చేసినట్టే.

చక్కెర పోయాక మిగిలేది

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. చక్కెర దాదాపు అంతా అయిపోయేదాకా పులియనిస్తే వచ్చేది డ్రై వైన్. యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర ఉండకూడదు. పులుపు బాగా ఉన్న వైన్‌కు 9 గ్రాముల వరకు సడలింపు ఉంది. ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు కాబట్టి తొక్కల్లోని టానిన్ దిగి వగరు వస్తుంది. తెల్ల వైన్‌కు ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు. తీపీ లేక, వగరూ లేక, వైన్‌ను నిలబెట్టే భారమంతా పులుపు మీదే పడుతుంది.

ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు. ఒకటి టార్టారిక్ ఆమ్లం. చాలా పళ్ళలో పెద్దగా కనబడని ఈ ఆమ్లం ద్రాక్షలోనూ, మన చింతపండులోనూ పుష్కలంగా ఉంటుంది. చారులో మనం రోజూ రుచి చూసే పులుపుకు మూలం అదే. రెండోది మాలిక్ ఆమ్లం, పచ్చి యాపిల్ కొరికితే పళ్ళు జివ్వుమనిపించేది. కొన్ని తెల్ల వైన్లలో ఈ మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే మెత్తని పులుపుగా మార్చేస్తుంది. మ్యుస్కడే తయారీలో సాధారణంగా ఆ మార్పు జరగనివ్వరు. అందుకే ఆ పచ్చి యాపిల్ పదును చెక్కుచెదరకుండా గ్లాసు దాకా వస్తుంది.

బాగా చల్లబరిచిన కొన్ని సీసాల అడుగున తెల్లని పలుకులు కనబడతాయి. గాజు పెంకులేమోనని కంగారుపడేవాళ్ళున్నారు. టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి పేరుకున్న లవణం అది. దానివల్ల ఏ హానీ లేదు.

ఒక భయంకరమైన చలికాలం తర్వాత

మ్యుస్కడే చేసే ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోన్. పేరులోనే ఉన్నట్టు దీని పుట్టిల్లు తూర్పు ఫ్రాన్స్‌లోని బుర్గోన్ ప్రాంతం. పీనో, గ్వే బ్లాన్ అనే రెండు పాత ద్రాక్ష రకాల కలయికలో పుట్టిందని 1999లో జన్యు పరీక్షలు తేల్చాయి. ప్రపంచమంతా పేరున్న షార్దొనే కూడా అదే జంట సంతానం. ఆ లెక్కన రెండూ తోబుట్టువులు.

17వ శతాబ్దంలో నాంత్ రేవుకు వచ్చే డచ్చి వర్తకులకు బట్టీలో కాచి బ్రాందీ తీయడానికి చవకైన తెల్ల వైన్ కావలసివచ్చింది. వాళ్ళ గిరాకీ వల్ల ఈ ప్రాంతంలో తెల్ల ద్రాక్ష పెరిగింది. 1709 చలికాలంలో యూరప్ అంతా గడ్డకట్టింది. ఇక్కడి తోటలు చాలావరకు చచ్చిపోయాయి. మళ్ళీ నాటేటప్పుడు రైతులు చలికి ఓర్చుకునే మెలోన్ వైపు మొగ్గారు. అదే క్రమంగా ఈ నేల పంటగా స్థిరపడింది.

నాంత్‌కు ఆగ్నేయంగా సెవ్ర్, మేన్ అనే రెండు చిన్న నదులు పారుతాయి. వాటి పేర్లతోనే మ్యుస్కడే సెవ్ర్-ఎ-మేన్ అనే ప్రాంతానికి 1936లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. అక్కడి నేల కింద గ్రానైట్, నైస్, గాబ్రో లాంటి పాత రాళ్ళున్నాయి. 2011లో క్లిసోన్, గోర్జ్, ల పాలె అనే మూడు ఊళ్ళ వైన్లకు సొంత పేరు పెట్టుకునే హక్కు కూడా దక్కింది. ల పాలె మధ్యయుగపు తత్వవేత్త అబెలార్ పుట్టిన ఊరు.

మడ్డి మీద గడిపిన నెలలు

మెలోన్ ద్రాక్షకు స్వతహాగా పెద్ద పరిమళం లేదు. ఆ లోటు తీర్చే ఉపాయం ఈ రైతుల చేతిలో ఉంది. పులియడం పూర్తయ్యాక ఈస్ట్ కణాలు చచ్చి పాత్ర అడుగున మడ్డిగా దిగుతాయి. చాలాచోట్ల వైన్‌ను తేర్చి ఆ మడ్డిని తీసేస్తారు. ఇక్కడ వైన్‌ను చలికాలమంతా దాని మీదే వదిలేసి, వసంతం వచ్చాక అక్కడినుంచి నేరుగా సీసాల్లోకి పడతారు. లేబుల్ మీద 'స్యుర్ లీ' అని ఉంటే అర్థం ఇదే. చాలా పాత ఇళ్ళలో ఇందుకోసం నేలలోపల కట్టిన సిమెంటు తొట్లున్నాయి.

మడ్డిలోని కణాలు మెల్లగా విచ్చుకుని తమలోని మాంసకృత్తులను, అమైనో ఆమ్లాలను వైన్‌లోకి వదులుతాయి. దాంతో నీళ్ళలా పలచగా ఉన్న వైన్‌కు కాస్త ఒళ్ళు వస్తుంది. అప్పుడే కాల్చిన రొట్టె వాసన లీలగా చేరుతుంది. మధ్యలో కదపకపోవడం వల్ల పులిసేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా మిగిలి, నాలుక కొసన సన్నగా చురుక్కుమంటుంది. వెనకటికి రైతులు ఇంట్లో పెళ్ళికని మంచి పీపా ఒకటి కదపకుండా పక్కన పెట్టేవాళ్ళనీ, అది మిగతావాటికంటే బాగుండటం చూసి ఈ పద్ధతి పట్టుకున్నారనీ ఇక్కడ చెప్పుకుంటారు. క్లిసోన్, గోర్జ్ వైన్లయితే దాదాపు రెండేళ్ళు మడ్డి మీదే ఉంటాయి. వాటి రుచి చిక్కగా, నిలకడగా ఉంటుంది.

రుచి చూసే తీరు

నేను కొత్తవాళ్ళకు నేర్పే పద్ధతి చాలా చిన్నది. ముందు చల్లదనం చూసుకోవాలి. ఇలాంటి వైన్ 8 నుంచి 10 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీయగానే అంతకంటే చల్లగా ఉంటుంది. చలికి ముక్కూ నాలుకా రెండూ మొద్దుబారతాయి. మన ఊళ్ళ వేడిలో ఒక పది నిమిషాలు బయట ఉంచితే చాలు. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకూడదు. పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది.

తెల్లగుడ్డ ముందో, తెల్లకాగితం ముందో పెట్టి చూడండి. లేత గడ్డిరంగులో, అంచున చిరు ఆకుపచ్చ మెరుపుతో ఉంటే వైన్ తాజాగా ఉన్నట్టు. తర్వాత గ్లాసు కదపకుండా ఒకసారి వాసన చూడండి. కొద్దిగా తిప్పి మళ్ళీ చూడండి. మ్యుస్కడేలో నాకు తగిలేవి నిమ్మతొక్క, పచ్చి యాపిల్, రొట్టెపిండి, వానకు తడిసిన రాయి. రాతి రుచి నేలలోంచి వేరు ద్వారా నేరుగా గ్లాసులోకి వస్తుందని కొందరు చెబుతారు. అలా జరగదు. పళ్ళ వాసనలు తక్కువగా ఉండి, పులుపు పదునుగా ఉన్నప్పుడు మనకు రాయి, ఉప్పు, సముద్రపు గాలి గుర్తుకొస్తాయి. తడిసిన అట్టముక్క వాసన కొడితే మాత్రం బిరడా పాడు చేసిందని అర్థం. ఆ సీసా నిస్సంకోచంగా వెనక్కి ఇచ్చేయండి.

ఇప్పుడు ఒక గుటక. వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. మింగాక తల కొంచెం వంచి ఆగండి. నోట్లో నీళ్ళు ఎంత వేగంగా ఊరుతున్నాయి, ఎంతసేపు ఊరుతున్నాయి? పులుపును కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు తెలియదు. ఆ తర్వాత పులుపు తీరు గమనించండి. సూదిలా గుచ్చి మాయమైందా, నిమ్మరసంలా ముందే చెలరేగిందా, చింతపండులా మెల్లగా వచ్చి నిలిచిందా? చివర్లో నిమ్మతొక్క కొరికినంత చిరుచేదు మిగిలితే మంచి లక్షణమే. మంచి మ్యుస్కడేలో పులుపు నీళ్ళూరిస్తూ చాలాసేపు నిలుస్తుంది కానీ గొంతును గీరదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళం వరసగా చాలా వైన్లు రుచి చూడాల్సి వస్తుంది కాబట్టి ప్రతి గుటకా పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తాం. రుచి తెలుసుకోవడానికి మింగనక్కరలేదు. మద్యం మోతాదు ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. తాగే అలవాటు లేనివాళ్ళు కొత్తగా మొదలుపెట్టాలని నేను ఎవరికీ చెప్పను. గర్భిణులు, బండి నడిపేవాళ్ళు, 21 ఏళ్ళు నిండనివాళ్ళు దీని జోలికి పోకూడదు. తాగేవాళ్ళు కూడా భోజనంతో, కొద్దిగా, శ్రద్ధగా తాగాలన్నదే నా మాట.

చేపతో ఎందుకు కుదురుతుంది

కాకినాడ తీరంలో ఆల్చిప్పలను ఏరి, కాల్చి, సున్నం చేసేవాళ్ళు. వాటి జాతివే అయిన ఆయిస్టర్లను ఇక్కడ మంచు మీద పేర్చి, పచ్చిగా, బతికుండగానే తింటారు. ఉప్పు, అయోడిన్, కాస్త లోహపు రుచి, వెన్నలాంటి మెత్తదనం ఉంటాయి వాటిలో. వాటి వెంట మ్యుస్కడే పడితే పులుపు ఆ ఉప్పును పట్టుకుని, వెన్నతనాన్ని కడిగి, నోటిని మళ్ళీ సిద్ధం చేస్తుంది. ఉప్పు తగలగానే వైన్ పులుపు కూడా మెత్తబడినట్టు తోస్తుంది. రాజమండ్రి పెద్దాయనకు రెండో గుటక నచ్చడానికి కారణం అదే. ఆయిస్టర్ మీద వెనిగర్ గుమ్మరిస్తే మాత్రం వైన్ చప్పబడిపోతుంది.

చేపకు ఎర్ర వైన్ ఎందుకు పనికిరాదంటారో జపాన్ పరిశోధకులు 2009లో ఒక కారణం చూపించారు. స్కాలప్ అనే ఆల్చిప్ప మాంసంతో రకరకాల వైన్లు రుచి చూపిస్తే, వైన్‌లో ఇనుము ఎంత ఎక్కువుంటే నీచువాసన అంత గట్టిగా తగిలిందట. సముద్రపు తిండిలోని కొవ్వుతో ఇనుము చర్య జరిపి ఆ వాసన పుట్టిస్తుందన్నమాట. ఎర్ర వైన్ వగరు కూడా చేప మీద చేదుగా మారుతుంది. మనం చేపను వండే ముందు నిమ్మకాయో, చింతపండో, మజ్జిగో పట్టించి కడుగుతాం. నీచువాసనకు కారణమయ్యే అమైన్లను పులుపు అణిచేస్తుంది. చేపకు పులుపు తోడు అన్న సంగతి మన అమ్మమ్మలకూ, నాంత్ జాలర్లకూ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

రెండు నదులు, చుట్టాలైన చేపలు

గోదావరికి వరదనీరు రాగానే సముద్రంలోంచి ఎదురీదుకుంటూ పైకి వచ్చే పులస సంగతి మనకు చెప్పనక్కరలేదు. ల్వార్ నదికీ అలాంటి చేప ఒకటుంది. దాన్ని అలోజ్ అంటారు. పులస దగ్గరి చుట్టమే అది. వసంతంలో సముద్రం వదిలి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కుతుంది. పులసలాగే రుచి, పులసలాగే లెక్కలేనన్ని ముళ్ళు. ఆనకట్టలు, వేట, కాలుష్యం వల్ల రెండూ ఇప్పుడు అరుదైపోయాయి.

ఇక్కడివాళ్ళు అలోజ్‌ను ఒసెయ్ అనే పుల్లాకుతో వండుతారు. మన చుక్కకూర కుటుంబంలోదే ఆ ఆకు. దాని పులుపుకు సన్నముళ్ళు మెత్తబడతాయని పాతవాళ్ళ నమ్మకం. గోదావరి ఒడ్డున చింతపండు పులుసు, ల్వార్ ఒడ్డున చుక్కకూర చుట్టం. ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఈ ఊరు పరాయిదన్న భావం చాలావరకు పోయింది.

అలోజ్‌కు ఇంకో తోడు బర్ బ్లాన్ అనే వెన్న సాస్. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలను వెనిగర్‌లోనో తెల్ల వైన్‌లోనో ఇగిరించి, చల్లని వెన్నముక్కలు ఒక్కొక్కటే వేస్తూ గిలకొడతారు. నాంత్ పక్కనే నది ఒడ్డున వంటశాల నడిపిన క్లెమాన్స్ లఫెవ్ర్ అనే వంటావిడ 19వ శతాబ్దం చివర్లో దీన్ని కనిపెట్టిందని చెబుతారు. వెన్న బరువును మోయడానికి పులుపు కావాలి. అందుకే మడ్డి మీద ఎక్కువకాలం ఉన్న క్లిసోన్‌నో గోర్జ్‌నో దీనికి పక్కన పెడతాను. ఆయిస్టర్‌కు చిన్న వయసు మ్యుస్కడే, వెన్న సాస్‌కు పెద్ద వయసుది.

మన వంటింట్లో

సెలవురోజున ఇక్కడి తలాన్సాక్ సంతలో చేపలు కొని ఇంట్లో మన పద్ధతిలో వండుకుంటాను. ఏది కుదురుతుందో, ఏది కుదరదో అలా తేల్చుకున్నాను. అన్నింటికంటే పెద్ద సూత్రం ఒకటుంది. కంచంలోని పులుపు గ్లాసులోని పులుపును మించకూడదు. మించిందా, వైన్ నీళ్ళయిపోతుంది. చేపల పులుసు ముందు మ్యుస్కడే నిలబడలేదు. గోంగూర రొయ్యలు, మామిడికాయ పప్పు, ఆవకాయ కూడా అంతే. వీటిలో ఉప్పు, పులుపు, కారం ఇప్పటికే తమలో తాము తూగి ఉన్నాయి. పులుసన్నం సంపూర్ణమైన భోజనం, దానికి గ్లాసు తోడు అక్కరలేదు.

రెండో సూత్రం కారం గురించి. మిరపకాయ మంటను పట్టే నరాల గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. అందుకే ఘాటైన కూర మీద ఘాటైన వైన్ తాగితే నోరు భగ్గుమంటుంది. మ్యుస్కడేలో ఆల్కహాల్ సాధారణంగా 12 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి మితమైన కారాన్ని తట్టుకుంటుంది. గుంటూరు కారం దట్టించిన వేపుడుకు మాత్రం ఏ డ్రై వైనూ న్యాయం చేయలేదు.

ఇక కుదిరేవి. పసుపు, ఉప్పు, మిరియాలు పట్టించి పెనం మీద దోరగా కాల్చిన చందువ మొదటిది. కొబ్బరిపాలతో వండిన లేత కారపు రొయ్యల కూర. అల్లం, కొత్తిమీర వేసి ఆవిరి మీద ఉడికించిన పండుగప్ప. ఇక్కడ బార్ అని అమ్మే సముద్రపు చేప దానికి బాగా దగ్గరగా ఉంటుంది. ఉడికించి ఉప్పుతో వలుచుకు తినే పీతలు. శాకాహారులకు వేడివేడి మినపగారెలు, అల్లం పచ్చడి లేకుండా, కొబ్బరి పచ్చడితో. నూనెలో వేగిన ఉప్పటి పదార్థం ఏదైనా ఈ పులుపుకు ఇష్టమే. తీపి వంటలతో మాత్రం వద్దు. బూరె తిన్న నోటికి డ్రై వైన్ వట్టి పులిసిన నీళ్ళలా తగులుతుంది.

మన దేశంలో మ్యుస్కడే దొరకడం కష్టం. దానికి బదులు నాసిక్‌లో చేసే సావిన్యో బ్లాన్ ప్రయత్నించవచ్చు. అక్కడి సులా అనే వైన్ సంస్థ 2000లో తొలిసారి విడుదల చేసిన వైన్లలో అదొకటి. రెండోదైన షెనిన్ బ్లాన్ ద్రాక్ష ఈ ల్వార్ నది మీదే, నాంత్‌కు ఎగువన ఉన్న ప్రాంతం నుంచి ప్రపంచానికి వెళ్ళింది. నాసిక్‌లో వర్షాకాలం దాటాక పంట పెంచి జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు, ఇక్కడేమో ఆగస్టు చివర, సెప్టెంబరులో. సావిన్యోకు పచ్చిగడ్డి, పచ్చి క్యాప్సికమ్, జామకాయ వాసనలు బలంగా ఉంటాయి కాబట్టి కొత్తిమీర, పుదీనా వేసిన వంటలకు మ్యుస్కడేకంటే బాగా అతుకుతుంది. లేబుల్ మీద డ్రై అని ఉందో లేదో చూసుకోండి. పంట ఏడాది ఎంత దగ్గరదైతే అంత మంచిది. ఈ తాజా రకాలు దాచుకోవడానికి కాదు.

వైన్ గొప్ప సంస్కృతి అనీ, దాన్ని అర్థం చేసుకోవడానికి పడమటి చదువు కావాలనీ అనుకుని మనవాళ్ళు వెనకాడటం నాకు బాధగా ఉంటుంది. అంతకంటే ఎక్కువ బాధ, తెలియనితనాన్ని దాచుకోవడానికి ఖరీదైన సీసా కొని, నచ్చకపోయినా నచ్చిందనడం. చారు పొయ్యి మీద ఉండగా గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని పులుపు చాలిందో లేదో చెప్పగల మనిషికి ఈ సంకోచం అక్కరలేదు. గ్లాసు చేతికొచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పులుపు ఎలాంటిది? ఎంతసేపు నిలిచింది? ఈ కంచంలో ఉన్నదాన్ని మోయగలదా? ఈ మూడింటికీ మీ నాలుక ఇచ్చే జవాబు మీద నమ్మకముంచండి. నాంత్‌లో రైతులు పీపా దగ్గర నిలబడి తమ వైన్‌ను పరీక్షించుకునేదీ ముందుగా పులుపుతోనే.